లంకమల కంపల్లో కలివికోడి

(వన్యప్రాణి వారోత్సవాల సందర్భంగా బద్వేలులో జరిగిన విద్యార్థుల సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, అటవీశాఖ సిబ్బందికి, నా ముందు కూర్చున్న పిల్లలకు, వెనకాల గోడకానుకొని నిలబడ్డ పిల్లలకు నమస్కారం. పెద్దల పేర్లు, హోదాలు కాగితం మీద రాసిచ్చారు. అవన్నీ చదివితే నాకిచ్చిన ఇరవై నిమిషాల్లో సగం అక్కడే ఖర్చవుతాయి. పేరు చెప్పలేదని ఎవరూ నొచ్చుకోవద్దు. ఇక్కడున్నవాళ్లలో సగంమంది నా దగ్గర చదువుకున్నవాళ్లే, మిగతా సగంమందితో నేను టీ తాగుతాను.

నాకిచ్చిన అంశం ‘జీవవైవిధ్య పరిరక్షణ, యువత పాత్ర’. చాలా పెద్ద అంశం. దాని మీద మాట్లాడాలంటే ఓజోను పొర దగ్గర మొదలుపెట్టి ప్లాస్టిక్ సంచుల దాకా రావాలి. మీరు ఆవలిస్తారు, నేనూ ఆవలిస్తాను. నేను ఒక్క పిట్ట గురించి మాట్లాడతాను. మన పిట్ట. ఇక్కడినుంచి కనిపించే ఆ లంకమల కొండల కింద బతికే పిట్ట, కలివికోడి.

శివరాత్రికి లంకమలలోని నిత్యపూజయ్య కోనకు పోయినవాళ్లు ఎంతమందో చేతులెత్తండి. చూడండి, దాదాపు అందరూ. మంచిది. కలివికోడిని చూసినవాళ్లు ఎత్తండి. ఒక్కరూ లేరు. ఎవరైనా ఎత్తి ఉంటే నేనే అనుమానించేవాణ్ణి. పగలంతా పొదల్లో నక్కి, పొద్దుగూకినాక బయటికొచ్చే పిట్ట అది. మనం కోనకు పోయేది మట్టమధ్యాహ్నం, మైకులు పెట్టుకొని.

కలివి పొద అయితే అందరికీ తెలుసు కదా. మేకల వెంట తిరిగినవాళ్లకు మరీ బాగా తెలుసు. వాక్కాయకు చెల్లెలి వరస. కొమ్మ విరిస్తే పాలు కారతాయి. ఆకుల దగ్గర ముళ్లు జంటలు జంటలుగా ఉంటాయి, లుంగీ తగులుకుంటే ఒక ముల్లు తీసేలోపు రెండోది పట్టుకుంటుంది. కాయ ముందు ఎర్రబారి, పండాక నల్లగా నిగనిగలాడుతుంది. తింటే నాలుక, పెదాలు ఊదారంగుకొస్తాయి. బడి ఎగ్గొట్టి కలివిపండ్లకు పోయినవాణ్ణి నేను అడగక్కర్లేకుండానే పట్టుకునేవాణ్ణి, నోరు తెరవరా అంటే చాలు. ఆ పొదల మధ్య తిరుగుతుంది కాబట్టి కలివికోడి అన్నారు మనవాళ్లు.

కోడి అన్నారే గానీ అంత ఉండదు. ముక్కు నుంచి తోక దాకా జానెడు కంటే కాస్త ఎక్కువ. పొడుగు కాళ్లు, పెద్ద కళ్లు. కంటి పైన తెల్లటి గీత. గొంతు దగ్గర ఇటుకరంగు మచ్చ. రొమ్ము మీద రెండు పట్టీలు. ఎగరగలదు, కానీ ఎగరడం కంటే పరుగెత్తడమే దానికి ఇష్టం. తినేది చెదలు, చీమలు. అంటే రైతుకు ఒక్క గింజ నష్టం లేదు, పైగా లాభమే. ప్రపంచం మొత్తంలో ఇది ఉన్నట్టు ఇటీవలి కాలంలో రుజువైన చోటు మన కడప ప్రాంతం ఒక్కటే. పులి ఉన్న దేశాలు చాలా ఉన్నాయి. ఏనుగు సంగతి సరేసరి. ఇది మాత్రం మన చుట్టుపక్కల తప్ప ఇంకెక్కడా లేదు. ఈ ముక్క ఇంకోసారి చెబుతాను, వెనకాల మాట్లాడుకుంటున్నవాళ్లు కూడా వినండి. ఇంకెక్కడా లేదు.

ఇప్పుడు దీని చరిత్ర కొంచెం చెప్పాలి. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో జెర్డాన్ అని ఒక డాక్టరు ఉండేవాడు. మద్రాసు రాజ్యంలో పనిచేస్తూ పిట్టల్ని సేకరించేవాడు, నెల్లూరులోనూ ఉన్నాడు. తూర్పు కనుమల్లో ఈ పిట్ట ఆయన చేతికి చిక్కింది. 1848లో ఇంకో పండితుడు దాన్ని శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కించాడు. అందుకే ఇంగ్లిషులో దాన్ని జెర్డాన్స్ కోర్సర్ అంటారు. ఆ తర్వాత కొన్నేళ్లకు గోదావరి వైపు, సిరొంచ, భద్రాచలం ప్రాంతాల్లోనూ కనిపించింది. 1900లో అనంతపురం దగ్గర ఒక దొర చూశానని రాశాడు. అంతే. ఆ తర్వాత ఎనభై ఏళ్లకు పైగా శాస్త్రవేత్తలు ఎవరూ దాన్ని చూడలేదు. పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ అంతటివాడు వెతికించినా దొరకలేదు. అంతరించిపోయిందనే చాలామంది నమ్మారు.

ఇక అసలు కథ. దీనికోసమే వచ్చాను నేను.

1985 ప్రాంతంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు ఈ పిట్ట కోసం మళ్లీ గాలింపు మొదలుపెట్టారు. భరత్ భూషణ్ అనే యువ శాస్త్రవేత్త మన జిల్లాలో ఊరూరా తిరిగి పిట్ట బొమ్మ చూపించి అడిగాడు. చదువుకున్నవాళ్లు తెలీదన్నారు. కొంతమంది నవ్వి ఉంటారు కూడా. కానీ ఐతన్న అని పిట్టలు పట్టి బతికే ఒకాయన ఉండేవాడు. ఆయన ఆ బొమ్మ చూసి ఇది నాకు తెలుసన్నాడు. అన్నవాడు ఊరుకోలేదు. 1986 జనవరిలో, రాత్రిపూట రెడ్డిపల్లె పరిసరాల్లో, టార్చిలైటు వెలుగులో బిత్తరపోయి నిలబడ్డ పిట్టను చేత్తో పట్టుకొచ్చాడు. ఎనభై ఆరేళ్ల తర్వాత! మ్యూజియంలో ఎండిన చర్మంగా మిగిలిన పిట్ట, మన కడప జిల్లాలో, ఒక పల్లెటూరి మనిషి చేతుల్లో గుండె కొట్టుకుంటూ కనబడింది.

పాపం ఆ పిట్ట ఎక్కువ రోజులు బతకలేదు. కానీ వార్త ప్రపంచమంతా పాకింది. సాలిం అలీ అప్పటికి తొంభైకి దగ్గరపడ్డారు. జీవితకాలమంతా వెతికించిన పిట్ట దొరికిందన్న మాట ఆయన చెవిన పడింది. మరుసటి ఏడు, 1987లో ఆయన పోయారు.

1988లో ఈ పిట్ట కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యాన్ని ప్రకటించారు. నాలుగు వందల అరవై నాలుగు చదరపు కిలోమీటర్లు. ఒక పిట్టను చూసి, దాని పేరు మీద అంత అడవిని కాపాడాలనుకోవడం చిన్న సంగతి కాదు. ఆ మాట ఒప్పుకోవాల్సిందే. అదే ఏడాది తపాలా శాఖ రూపాయి స్టాంపు కూడా వేసింది. నేను స్టాంపులు దాచేవాణ్ణి కాదు గానీ ఆ ఒక్కటి దాచాను. ఇక్కడే జేబులో ఉంది, సభ అయ్యాక చూపిస్తాను. దయచేసి చేతులు తుడుచుకొని రండి.

ఇంతవరకూ అందరూ చెబుతారు. పుస్తకాల్లో ఉంటుంది. నా బాధ వేరు. నేను చూసిన ఏ బోర్డు మీదా ఐతన్న పేరు లేదు. పిట్ట పేరులో జెర్డాన్ ఉన్నాడు. శాస్త్ర పత్రాల్లో ఉండాల్సినవాళ్లంతా ఉన్నారు. భరత్ భూషణ్ గారు తన రాతల్లో ఐతన్నను చెప్పుకున్నారు, అది ఆయన సంస్కారం. కానీ మన ఊళ్లలో? మన పిల్లల్ని అడగండి. కలివికోడిని కనుక్కున్నదెవరు అని క్విజ్‌లో అడిగితే జవాబు ఏం రాస్తారు? చెప్పు నాయనా, నువ్వే, నీలం చొక్కా... జెర్డాన్ అంటున్నాడు. ఆ తప్పు వాడిది కాదు.

సరే, పిట్ట దొరికింది. దాన్ని ఎలా లెక్కపెట్టాలి? రాత్రి తిరుగుతుంది, మనిషి అలికిడైతే మాయమవుతుంది. 2000 తర్వాత జెగనాథన్ అనే పరిశోధకుడు, ఆయనతోపాటు కొందరు, ఇక్కడ ఏళ్ల తరబడి ఉండి ఒక ఉపాయం పట్టారు. పొదల మధ్య ఖాళీల్లో మెత్తటి మన్ను జల్లెడపట్టి పట్టీలుగా పరిచారు. రాత్రి పిట్ట దాని మీద నడిస్తే పొద్దున్నే అడుగు కనిపిస్తుంది. కలివికోడికి మూడే వేళ్లు, మూడూ ముందుకే. వెనక వేలు లేదు. తీతువు అడుగుకు, దీని అడుగుకు తేడా గుర్తుపట్టడం నేర్చుకున్నారు. ముగ్గులు వేసే చేతులు మన ఊళ్లో ఎన్ని లేవు! మన్ను పరవడం, ఆనవాలు చదవడం మన వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. ఆ పనికి ఊళ్లోవాళ్లే సాయం పోయారు. దొంగ మేక ఎటు పోయిందో అడుగు చూసి చెప్పే ముసలాయన మా ఇంటి పక్కనే ఉండేవాడు, ఆయనకు ఏ యూనివర్సిటీ పట్టా లేదు.

ఇంకొకటి, దాని కూత. పొద్దు మునిగిన ముక్కాలు గంట, గంట తర్వాత, మసక చీకట్లో, ట్విక్-టూ, ట్విక్-టూ అని రెండు ముక్కలుగా, కొన్నిసార్లు వరసగా కూసి ఆపేస్తుంది. అప్పుడు గనక మన ఇంట్లో సీరియల్ గట్టిగా పెట్టుకున్నామా, అంతే సంగతులు.

దాని గూడు ఎలా ఉంటుందో ఇంతవరకు ఏ శాస్త్రవేత్తా చూడలేదు. గుడ్డు సంగతి ఇంకా విచిత్రం. కోలార్ బంగారు గనుల్లో పశువుల డాక్టరుగా పనిచేసిన ఒక ఇంగ్లిషాయన 1917లో సేకరించిన గుడ్డు ఒకటి, స్కాట్లాండులో ఆబర్డీన్ యూనివర్సిటీ మ్యూజియంలో ఎవరికీ పట్టకుండా పడి ఉంది. 2013లో దాన్ని డీఎన్ఏ పరీక్ష చేస్తే కలివికోడి గుడ్డని తేలింది. మన పిట్ట గుడ్డు చూడాలంటే స్కాట్లాండు పోవాలి. వీసా కావాలి!

నవ్వారు, మంచిదే. ఇప్పుడు నవ్వు రాని సంగతి.

మన్ను పట్టీలు పరిచిన ఆ పరిశోధకులే పొదలు కొలిచి ఒక లెక్క తేల్చారు. మనిషి ఎత్తు దాటిన పెద్ద పొదలు హెక్టారుకు మూడు వందల నుంచి ఏడు వందలు ఉన్నచోటే ఈ పిట్ట ఎక్కువగా తిరుగుతోంది. చిన్న పొదలు వెయ్యికి లోపు ఉండాలి. దట్టంగా అల్లుకుపోతే పరుగెత్తడానికి దారి ఉండదు. మరీ పలచబడితే దాక్కోడానికి నీడ ఉండదు. అంటే దీనికి కావాల్సింది మహారణ్యం కాదు. రేగు, కలివి, బలుసు, చండ్ర, మధ్యలో గులకరాళ్ల నేల. మనం ‘ముళ్లకంప’ అని తీసిపారేసేది. చేను పక్కన ఉంటే పాములొస్తాయని పెట్రోలు పోసి తగలబెట్టేది.

దేశం మొత్తంలో బీడు భూముల లెక్కల పుస్తకం ఒకటుంది. హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం ఉపగ్రహాల బొమ్మలు చూసి తయారుచేస్తుంది. అందులో పొదలున్న నేల, దట్టమైనదైనా పలచనిదైనా, బీడు కిందే లెక్క. ఆలోచించండి. ప్రపంచంలో ఇంకెక్కడా లేని పిట్ట బతికే నేల, సర్కారు లెక్కలో పనికిరాని నేల. పనికిరాని నేలను ఏం చేస్తారు? పనికొచ్చేలా చేస్తారు. నిమ్మతోట పెడతారు. రాళ్ల క్వారీ పెడతారు. సోలార్ పలకలు పరుస్తారు. కాలువ తవ్వుతారు.

కాలువ అన్నాను కాబట్టి తెలుగుగంగ సంగతి చెప్పాలి. జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే ఇది నా కడుపుకు సంబంధించింది కూడా. మాది మెట్ట. మా నాయన ఆకాశం చూసి చూసి మెడ పట్టేసిన మనిషి. కృష్ణా నీళ్లు శ్రీశైలం నుంచి వెలుగోడు, సోమశిల, కండలేరు మీదుగా మద్రాసుకు పోతాయి, దారిలో రాయలసీమ తడుస్తుంది అంటే మేము పండగ చేసుకున్నాం. మహారాష్ట్ర, కర్ణాటక, మనం, తలా ఐదు టీఎంసీలు మద్రాసు దాహానికి ఇవ్వాలని ఒప్పందం. 1996లో నీళ్లు తమిళనాడు సరిహద్దు దాటి పూండి చేరాయి. ఆ కాలువ వద్దని ఈ వేదిక మీద నేను అనను. అంటే మా నాయన ఆత్మ నన్ను క్షమించదు.

కానీ 2005 చివర్లో ఏం జరిగింది? అభయారణ్యంలో, కలివికోడి ఉందని తెలిసిన చోటికి దగ్గర్లో, పొక్లెయినర్లు కాలువ తవ్వుతూ పరిశోధకుల కంటబడ్డాయి. అనుమతి లేదు. అభయారణ్యంలో మట్టి తట్ట ఎత్తాలంటే ఎన్ని కాగితాలు కావాలో ఇక్కడున్న రేంజరు గారిని అడగండి. అటవీశాఖ ఆ పని ఆపించింది. విషయం సుప్రీంకోర్టు కమిటీ దాకా పోయింది. చివరికి కాలువ దారి మార్చారు. దారి మారినా నీళ్లు ఆగలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. పిట్ట కావాలా, నీళ్లు కావాలా అని మనల్ని అడిగేవాళ్లుంటారు. రెండూ కావాలి అని చెప్పడానికి లంకమలలోనే దాఖలా ఉంది. కాలువను వంచవచ్చు. ఇంజనీర్లు ఉన్నది దానికే.

అయితే కాలువ ఒక్కటే కాదు. ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టి చూస్తే 1991 నుంచి 2000 మధ్యనే ఈ ప్రాంతంలో పొదలున్న నేల పదో వంతుకు పైగా పోయింది. అది పాతికేళ్ల కిందటి మాట. అప్పటికింకా మన ఊళ్లలో ఇన్ని జేసీబీలు లేవు.

జేసీబీ అనగానే నాకు ఒకటి గుర్తొస్తోంది. చెప్పకుండా ఉండలేను. సభాధ్యక్షులు గడియారం చూస్తున్నారు, చూడనివ్వండి.

మా ఊరి పక్కన గుట్ట కింద బీడు ఉండేది. ఊరుమ్మడి. మేకలు మేసేవి, పిల్లలు రేగుపండ్లకు పోయేవాళ్లు, ఆడవాళ్లు కంప కొట్టుకొచ్చేవాళ్లు. ఒకరోజు పొద్దున లేచేసరికి సగం బీడు చదునైపోయి ఉంది. రాత్రికి రాత్రే మిషన్లు పెట్టి దున్నేశారు. ఎవరు దున్నారన్నది వదిలేయండి, ఊళ్లో అందరికీ తెలుసు. నేను అర్జీ రాసుకొని ఒక ఆఫీసుకు పోయాను. ఏ ఆఫీసన్నది కూడా వదిలేయండి. లోపల కూర్చున్న ఆయన మర్యాదస్తుడే, కూర్చోమన్నాడు, మంచినీళ్లు ఇప్పించాడు. అర్జీ చదివాడు. చదివి, “మాస్టారూ, అడవి పాడుచేశారు అని రాశారు. నేను ఆ దారిలో పోయినాను. ఒక్క చెట్టు చూపించండి నాకు” అన్నాడు.

“చెట్లు లేవు సార్, పొదలు” అన్నాను.

“కంప కదా?”

“కంపే. అందులో కలివి ఉంది, బలుసు ఉంది. పిట్టలుంటాయి, కుందేళ్లుంటాయి, ఉడుములుంటాయి.”

“కంపకు నేనేం కేసు రాయాలి మాస్టారూ?” అన్నాడు. హేళనగా అనలేదు. నిజంగానే అడిగాడు. ఆయన దగ్గరున్న ఫారంలో చెట్లకు గడి ఉంది, ఎన్ని చెట్లు, ఏ జాతి, ఎంత చుట్టుకొలత. పొదకు గడి లేదు. గడి లేనిదాన్ని ఆయన ఎక్కడ రాస్తాడు?

అది అక్కడితో అయిపోతే నేను ఇంత కాలం మోసుకు తిరిగేవాణ్ణి కాదు. ఆ మరుసటి వానాకాలం, మిగిలిన సగం బీడులో మొక్కలు నాటే కార్యక్రమం పెట్టారు. ముందు కంప శుభ్రం చేశారు. శుభ్రం! ఆ మాట మైకులో అన్నారు. ఆ తర్వాత వరసగా గుంతలు తీసి వేప, కానుగ నాటారు. నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. బడి పిల్లల్ని వెంటబెట్టుకొని రమ్మన్నారు. పర్యావరణం మీద ప్రేమ ఉన్న మాస్టారు అని పొగిడారు. నేను పోలేదు, జ్వరమని చెప్పాను. ఆ మొక్కల్లో ఒక్కటి కూడా ఎండాకాలం దాటలేదు. కంప అయితే దాటేది. కంపకు ఎవరూ నీళ్లు పోయక్కర్లేదు, ట్రీగార్డు అక్కర్లేదు, ప్రారంభోత్సవం అక్కర్లేదు. అందుకేనేమో ఎవరికీ అక్కర్లేకుండా పోయింది.

ఇది ఒకరి మీద కోపంతో చెప్పడం లేదు. కోపమే అనుకోండి, పర్వాలేదు. అడవి అంటే చెట్టు అని మనందరి బుర్రల్లో పడిపోయింది. బడిలో బొమ్మ గీయమంటే ఆకుపచ్చ గుండ్రం, కింద గోధుమరంగు కర్ర. నేను కూడా ముప్పై ఏళ్లు ఆ బొమ్మకే మార్కులు వేశాను. లంకమల పేరు పేపర్లో ఎప్పుడొస్తుంది? ఎర్రచందనం దుంగలు పట్టుబడినప్పుడు. అది చెట్టు, దానికి రేటు ఉంది, కాబట్టి వార్త. దాని కాళ్ల దగ్గర ఉండే పొదకు రేటు లేదు.

చీటీ వచ్చింది. ఐదు నిమిషాల్లో ముగించమంటున్నారు. ముగిస్తాను, కానీ రోళ్లపాడు చెప్పకుండా ముగించలేను.

రోళ్లపాడు నందికొట్కూరు దగ్గర. బట్టమేక పిట్ట కోసం దాన్ని కూడా 1988లోనే అభయారణ్యం చేశారు. మనకూ వాళ్లకూ ఒకటే ఏడు. బట్టమేక మన కలివికోడి లాగా దాక్కునే పిట్ట కాదు, మనిషి నడుము దాకా వచ్చే పిట్ట. గడ్డి మైదానంలో దర్జాగా నడిచేది. అభయారణ్యం ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. చుట్టూ జొన్న, కొర్ర ఉన్నన్నాళ్లు పిట్టకు కంచె లోపల, బయట తేడా తెలియలేదు. చుట్టూ సాగునీరు వచ్చి పంటలు మారాయి. పిట్ట బయటికి పోతే నిలబడే చోటు లేకుండా పోయింది. ఇవాళ అక్కడ బోర్డు ఉంది, కంచె ఉంది, పిట్ట లేదు. కంచె లోపల కాపాడితే చాలదని మనకు పక్క జిల్లానే నేర్పింది. కలివికోడి కూడా అభయారణ్యం హద్దు రాయి చదువుకొని తిరగదు. అది ఊరి బీడుల్లోకి వస్తుంది, పట్టా భూముల అంచుల్లోకి వస్తుంది. అవి పోతే లంకమల ఒక్కటే ఏం చేస్తుంది?

ఇక్కడ మేకల సంగతి కూడా ఒక మాట. మేకలే అడవిని తినేశాయని అందరూ తేలిగ్గా అనేస్తారు. మందలు మందలుగా తోలితే తింటాయి, కాదనను. కానీ నేను చెప్పిన ఆ లెక్క గుర్తుందా, పొదలు మరీ దట్టమైనా పిట్ట ఉండదని? కొంచెం మేత, కొంచెం కంప కొట్టడం ఉంటేనే పొదల మధ్య దారులు తెరుచుకొని ఉంటాయని ఆ పరిశోధకులే అన్నారు. ఎంత కొంచెం, ఎక్కడ, ఏ నెలలో అన్నది కొలవాలి. కొలిచే పని మేకలోణ్ణి అడవి నుంచి తరిమేసి చేయలేం. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని చేయాలి. రేంజరు గారూ, నేను మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. మీకు బీటుకు ఒక మనిషి కూడా సరిగా ఉండడని, ఉన్నవాళ్లను ఎర్రచందనం కాపలాకు వేస్తారని నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను, ఎందుకంటే ఇంకెవర్ని అడగాలో తెలీదు.

ఇప్పుడు మంచివార్త. మీలో చాలామంది పేపర్లో చూసే ఉంటారు. 2008 ప్రాంతం తర్వాత ఈ పిట్ట జాడ మళ్లీ పోయింది. కెమెరాలు పెట్టారు, రాత్రిళ్లు తిరిగారు, లేదు. పోయిందిరా అనుకున్నాం. మొన్న 2025 ఆగస్టులో పక్షులను వెతికే ఒక బృందం మన ప్రాంతంలోనే రాత్రిపూట దాని కూతను రికార్డు చేసింది. ట్విక్-టూ. ఉంది! ఆ వార్త చదివిన రోజు నేను మా ఇంట్లో బెల్లం పంచాను. మా ఆవిడ ఎవరికి పెళ్లి కుదిరింది అని అడిగింది.

వార్త వచ్చిన వారం నుంచి నాకు ఫోన్లు. పాత విద్యార్థులు బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి. “సార్, శనివారం వస్తాం, చూపిస్తారా?” పిల్లలూ, మీక్కూడా చెబుతున్నాను. చూపించను. నాకు తెలీదు, తెలిసినా చూపించను. కారు లైట్లు వేసుకొని, టార్చీలు పట్టుకొని, నలుగురైదుగురు ఆ పొదల్లో తిరిగితే ఆ పిట్ట ఇంకో పదిహేనేళ్లు కనిపించదు. ఫోనులో దాని కూత పెట్టి పిలవడం అంతకంటే పాపం. తన చోటులోకి ఇంకో పిట్ట వచ్చిందనుకొని అది మేత మానుకొని, గుడ్లుంటే గుడ్లు వదిలిపెట్టి వస్తుంది. పరిశోధకులు ఆ పని చేస్తే అనుమతితో, లెక్కప్రకారం చేస్తారు. మనం రీలు కోసం చేయకూడదు. ఎక్కడ విన్నారో ఆ చోటి పేరు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. పెట్టినవాణ్ణి చూస్తే తీయించండి.

మరి మీరేం చేయాలి? యువత పాత్ర అన్నారు కదా, అదే చెబుతున్నాను. మీ తాతలు, అవ్వలు ఇంకా ఉన్నారు. మేకలు కాసినవాళ్లు, కట్టెలకు పోయినవాళ్లు, వలలు వేసినవాళ్లు. పిట్ట బొమ్మ ఈ కాలేజీ నోటీసు బోర్డు మీద అంటిస్తారు, ఫోటో తీసుకొని ఇంటికి తీసుకుపొండి. చూపించి అడగండి. ఎప్పుడు చూశారు, ఏ వంక పక్కన, అప్పుడు అక్కడ పొదలెట్లా ఉండేవి, ఇప్పుడేముంది. చెప్పింది చెప్పినట్టు వాళ్ల మాటల్లోనే రాసుకోండి, దిద్దకండి. అది తెచ్చి మీ జువాలజీ మేడమ్‌కు ఇవ్వండి, ఆమె అటవీశాఖకు అందజేస్తామన్నారు. ఇందాకే ఒప్పించాను, ఇప్పుడు అందరి ముందు చెప్పాను కాబట్టి ఇక తప్పించుకోలేరు. 1986లో భరత్ భూషణ్ గారు చేసిన పని ఇదే. ఒక బొమ్మ పట్టుకొని తెలిసినవాణ్ణి అడగడం. కానీ ఒక్క షరతు. ఎవరూ పిట్టను పట్టుకొని తేకూడదు. చట్టం అప్పటికంటే గట్టిగా ఉంది, కలివికోడి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది, పులితో సమానం. బెయిలుకు నేను రాను.

వేదిక మీదున్న అధికారులకు నా విన్నపాలు రెండే. మళ్లీ సర్వే చేసినప్పుడు రాత్రిపూట తిరగడానికి ఊళ్లలో ఉన్న ఆనవాళ్లు చదివే మనుషుల్ని తీసుకోండి, కూలికి పిలిచినట్టు కాకుండా పని తెలిసినవాళ్లుగా పిలిచి, దానికి తగ్గ డబ్బివ్వండి. రెండోది, సిద్ధవటం దారిలో పెట్టే తర్వాతి బోర్డు మీద, జెర్డాన్ పేరు ఎంత అక్షరాల్లో రాస్తారో అంతే అక్షరాల్లో ఐతన్న పేరు రాయండి. బోర్డు ఖర్చు మా రిటైర్డ్ టీచర్లం చందాలు వేసుకొని భరిస్తాం. రాతప్రతి నేనే తెచ్చాను, అక్షరదోషాలు రాకుండా చూసుకోవడం నాకు అలవాటే కదా. సభ అయ్యాక రేంజరు గారికి ఇస్తాను.

చీటీ రెండోసారి వచ్చింది. స్టాంపు చూడాలనుకున్నవాళ్లు కుడివైపు తలుపు దగ్గరికి వరసగా రండి, తోసుకోవద్దు. నమస్కారం.